ఈ30 నుంచి ఈ92 దాకా: పాత ఎం3ల్లో ఏది నిలబడుతుంది, ఎందుకు?

నీలంబండి_2004

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే కానీ రాయడం కొత్త. ఉండేది న్యూజెర్సీ. చాలాకాలంగా బీఎండబ్ల్యూ ఈ46 ఎం3 మీద మనసుంది. (ఎం3 అంటే 3 సిరీస్‌లో వేగం కోసం చేసిన రకం; ఈ30, ఈ36, ఈ46, ఈ92 దాని వరుస తరాల కోడ్ పేర్లు.) గ్రీన్ కార్డు వచ్చింది, ఇంటి డౌన్ పేమెంట్ అయిపోయింది, ఇంట్లో పర్మిషన్ కూడా దొరికింది. ఒక్కటే షరతు: పెట్టిన డబ్బు పోకూడదు. అక్కడే ఆగిపోయాను.

నాకు అర్థం కానిది ఏమిటంటే, ఈ30 ఎం3 ఇప్పుడు మనలాంటి వాళ్లకు అందదు. దాని తర్వాత వచ్చిన ఈ36 ఇప్పటికీ చవకే. ఆ తర్వాతి ఈ46 మాత్రం ఈ36ని దాటేసింది. ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్ ఉన్న ఈ92 ఇంకా కొత్తది, ఇంకా బలమైనది, అయినా ఇంచుమించు ఈ46 ధరకే దొరుకుతోంది. పాతబడే కొద్దీ పెరిగేదే అయితే ఈ36 ఎందుకు వెనకబడింది? బలాన్ని బట్టి అయితే ఈ92 ఎందుకు పైన లేదు? బడ్జెట్ 40 వేల డాలర్ల లోపు. మాన్యువల్ మాత్రమే కావాలి.

డాలస్_బాబాయ్

తమ్ముడూ, మీ ఇంటి షరతు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ30.

అది షోరూమ్ కోసం పుట్టిన కారు కాదు. గ్రూప్ ఏ రేసుల్లో దిగాలంటే ఆ మోడల్ 12 నెలల్లో 5,000 కార్లు తయారుచేసి చూపించాలని అప్పట్లో నిబంధన. బీఎండబ్ల్యూ 1986లో మొదలుపెట్టింది అందుకే. ఉబ్బిన ఫెండర్లు, 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, బయటి రేకుల్లో చాలావరకు మామూలు 3 సిరీస్‌వి కానే కావు. 1987లో వరల్డ్ టూరింగ్ కార్ టైటిల్ కొట్టింది. జర్మనీ టూరింగ్ కార్ల సిరీస్ డీటీఎంలో 1987లో ఒకసారి, 1989లో ఒకసారి గెలిచింది. మొత్తం మీద 18 వేలకు దగ్గరగా తయారయ్యాయి. చివర్లో వచ్చిన 2.5 లీటర్ల స్పోర్ట్ ఎవల్యూషన్ అయితే 600 మాత్రమే.

ఇంత చరిత్ర ఉండి కూడా 2000ల మధ్యలో అమెరికాలో 10, 15 వేలకు దొరికేది. నాలుగు సిలిండర్ల పాత కారు ఎవడికి కావాలి అని జనం కొత్త ఈ46 వైపు వెళ్లిపోయారు. మరి తర్వాత ఏం జరిగింది? ఈ30లో కొత్తగా వచ్చి చేరింది ఏమీ లేదు. ప్రతి కొత్త ఎం3 ముందుదానికన్నా పెద్దదై, బరువెక్కి, మెత్తబడి వచ్చింది. అప్పటికి గానీ ఈ30లో ఏముందో కనబడలేదు. నా అభిప్రాయం అడిగితే పాత కారు ధర తేల్చేది దాని తర్వాత వచ్చిన కారే. కొత్తది ఏం వదిలేసిందో అది పాతదాని ఖాతాలో పడుతుంది.

ఈ36 నడిపి కొడుకు. పెద్దోడి పేరు లేదు, చిన్నోడి గారాబం లేదు. నా దగ్గర ఉన్నది అదే, 1998 నాలుగు డోర్లది, కాబట్టి నేను అనొచ్చు.

ఇన్‌లైన్_సిక్స్

బాబాయ్ చెప్పినదానికి ఈ36 విషయంలో ఒకటి కలపాలి. అది వెనకబడడానికి మొదటి కారణం అమెరికా ఇంజిన్.

యూరప్‌లో 1992లో వచ్చిన ఈ36 ఎం3కి 286 హార్స్‌పవర్, తర్వాత 3.2 లీటర్లతో 321. ఒక్కో సిలిండర్‌కి ఒక్కో థ్రాటిల్ (గాలి వదిలే మూత). అదే కారు 1995 మోడల్‌గా అమెరికా వచ్చేసరికి ఖర్చు తగ్గించడానికి మామూలు 3 సిరీస్ ఇంజిన్‌నే పెంచి పెట్టారు. 240 హార్స్‌పవర్. తర్వాత 3.2 లీటర్లు చేసినా అదే 240. ధర తక్కువ పెట్టారు కాబట్టి అప్పుడు బాగా అమ్ముడుపోయింది. కలెక్టర్ మాత్రం పాతికేళ్ల తర్వాత కూడా ఆ సంగతి మర్చిపోడు. ప్రపంచం మొత్తం మీద 71 వేలకు పైగా తయారవడం రెండో కారణం.

ఇప్పుడు మెల్లగా పెరుగుతోంది కదా, దానికి కారణం వేరు. చవగ్గా ఉన్నన్నాళ్లూ ట్రాక్‌కి తీసుకెళ్లి అరగదీశారు, డ్రిఫ్ట్‌లో గోడకి కొట్టారు, ఇంజిన్ పీకి పాత ఈ30ల్లో పెట్టుకున్నారు. ఒరిజినల్ రంగుతో, ఒరిజినల్ సీట్లతో ఉన్న ఈ36 ఎం3 కోసం ఒకసారి వెతికి చూడండి, తెలుస్తుంది.

టొరంటో_టర్బో

కెనడా వాళ్లకి 1994లో అసలైన యూరప్ ఇంజిన్‌తో 45 ఈ36 ఎం3లు అధికారికంగా వచ్చాయి. నలభై అయిదంటే నలభై అయిదే. ఇక్కడి మీట్‌లలో అది వస్తే పక్కన ఏ కొత్త కారు ఉన్నా ఎవరూ చూడరు. కాబట్టి నడిపోడిని మరీ తీసిపారేయకండి, ఏ ఊళ్లో పెరిగాడో చూడాలి 😄

లెక్కల_మాస్టారు

అందరూ పెరిగింది పెరిగింది అంటున్నారు. ఎక్కడి నుంచి పెరిగింది?

1988లో ఈ30 ఎం3 అమెరికా ధర 34-35 వేల డాలర్లు. ద్రవ్యోల్బణం కలిపితే నేటి డబ్బులో 90 వేలు. అంటే షోరూమ్‌లో కొని ఇన్నేళ్లూ దాచుకున్నవాడు, ఇప్పుడు 90 వేలకు అమ్మితే లాభం సున్నా. ఇన్సూరెన్స్, గ్యారేజీ, టైర్లు, ఆయిలు కలిపితే నష్టం. మైళ్లు దాదాపు లేని కార్లకి ఆరంకెల ధర వచ్చిందని వార్తల్లో చదువుతాం. ఆ మైళ్లు లేకపోవడానికి ఆ మనిషి ఏళ్ల తరబడి కారు నడపకుండా కూర్చున్నాడన్నది ఎవరూ రాయరు.

ఈ46 కూడా అంతే. 2001లో 45 వేల పైచిలుకు. నేటి డబ్బులో 80 వేల దాకా. 40 వేలకు అమ్ముడుపోతే సగం పోయినట్టే. లాభపడినవాళ్లు ఒకే రకం మనుషులు: ధర అడుగున ఉన్నప్పుడు, ఎవరూ అడగనప్పుడు కొన్నవాళ్లు. ఈ46కి అడుగు 2012-16 ప్రాంతంలో వచ్చి వెళ్లిపోయింది. అడుగు అని మనకు తెలిసేసరికి అది అడుగు కాదు.

నీలంబండి గారూ, ఇంట్లో షరతు 'డబ్బు పోకూడదు' అయితే ఇండెక్స్ ఫండ్ కొనండి. కారు కావాలంటే కారు కొనండి.

డాలస్_బాబాయ్

మాస్టారూ, ఇండెక్స్ ఫండ్‌లో ఎనిమిది వేల ఆర్‌పీఎమ్ రాదు.

లెక్క తప్పని అనను. కానీ పోలిక తప్పు. ఆయన ఎలాగూ ఏదో ఒక కారు కొంటాడు. 40 వేలు పెట్టి కొత్త ఎస్‌యూవీ కొంటే అయిదేళ్లలో సగం పోతుంది, ఎవరూ ఏమీ అనరు. అదే 40 వేలు మంచి ఈ46లో పెట్టి అయిదేళ్ల తర్వాత 38కి అమ్మినా, మరమ్మతులకు ఇంకో ఎనిమిది పోయినా, లెక్క ఎటు తేలుతుందో మీరే చెప్పండి.

లెక్కల_మాస్టారు

ఆ ఎస్‌యూవీలో పిల్లల్ని స్కూలుకి దింపుతారు బాబాయ్. ఈ46 కొన్నాక కూడా ఎస్‌యూవీ ఉంటుంది. ఖర్చు రెండోది, బదులు కాదు.

ఎయిర్‌కూల్డ్

బాబాయ్ 'తర్వాతి తరం తేలుస్తుంది' అన్న మాటకి పోర్షె 911ని మించిన సాక్ష్యం లేదు.

1998లో 993 అనే తరంతో గాలితో చల్లబడే ఇంజిన్ల కథ ముగిసింది. తర్వాతి తరం 996 నీళ్లతో చల్లబడే ఇంజిన్‌తో, చవకైన పోర్షె బాక్స్‌టర్ ముఖంతో, ఆ గుడ్డు అట్టు లాంటి హెడ్‌లైట్లతో వచ్చింది. అప్పటి పత్రికలు వేగం చూసి మెచ్చుకున్నాయి. పాత అభిమానులు ముఖం తిప్పుకున్నారు. ఆ తిప్పుకున్న ముఖాలే 993 ధర పెంచాయి. తర్వాత 993 అందకపోయేసరికి జనం దాని ముందు తరం 964 మీద పడ్డారు, అదీ అందకపోయేసరికి ఇంకా వెనక్కి వెళ్లారు. 996 మాత్రం ఏళ్ల తరబడి అందరికన్నా చవకైన 911గా మిగిలింది. ఇంజిన్ లోపలి ఐఎంఎస్ బేరింగ్ విరిగితే ఇంజిన్ పోతుందన్న భయం దానికి తోడు.

కానీ అదే 996లో టర్బోకీ, ట్రాక్ కోసం పదునుపెట్టిన జీటీ3కీ వేరే ఇంజిన్. రేసు కార్ల నుంచి వచ్చింది, ఆ బేరింగ్ గొడవ లేదు. వాటి ధర మామూలు 996తో ఎప్పుడూ కలవలేదు. అందుకే 'ఏ తరం' అని మాత్రమే అడిగితే సగం జవాబే వస్తుంది.

ఇప్పుడు తిరగబడ్డ కథ. 2013లో వచ్చిన 991 తరం జీటీ3కి మాన్యువల్ ఇవ్వలేదు. గొడవ చేశారు. 2016లో పోర్షె 911 ఆర్ అని మాన్యువల్ మాత్రమే ఉన్న కార్లు, తరం పేరులాగే సరిగ్గా 991, వదిలింది. అసలు ధర ఒకటైతే అడిగేది దానికి రెండు మూడు రెట్లు. తర్వాతి ఏడాది మామూలు జీటీ3కే మాన్యువల్ ఆప్షన్ ఇచ్చేశారు. 911 ఆర్ ధరలు దిగొచ్చాయి. కారు అదే, సంఖ్య అదే 991, మరి ఏం మారింది? పోయిందనుకున్నది తిరిగి దొరికింది.

ఇన్‌లైన్_సిక్స్

అదే సూత్రం ఎం3కి పెట్టి చూడండి.

ఈ46లో 3,246 సీసీ స్ట్రెయిట్ సిక్స్ (ఒకే వరుసలో ఆరు సిలిండర్లు), అమెరికాలో 333 హార్స్‌పవర్, 8,000 ఆర్‌పీఎమ్. టర్బో లేదు. ఆ రకం ఇంజిన్ ఎం3లో ఆఖరిసారి. ఈ92 తరంలో 4 లీటర్ల వీ8, 414 హార్స్‌పవర్, 8,400 దాకా తిరుగుతుంది. వీ8 పెట్టిన ఎం3 తరం అదొక్కటే. 2014లో తర్వాతి తరం ఎఫ్80 వచ్చేసరికి టర్బోలు, కరెంటు స్టీరింగ్. అంటే ఈ92లో రెండు 'ఆఖరివి' ఉన్నాయి: టర్బో లేని ఆఖరి ఎం3, హైడ్రాలిక్ స్టీరింగ్ ఉన్న ఆఖరి ఎం3.

మరి ఈ92 ఎందుకు పైకి లేవలేదంటే, వయసు. ఆ కారుని పదహారేళ్లప్పుడు గోడమీద అంటించుకున్నవాళ్ల చేతికి ఇంకా డబ్బు రాలేదు. ఈ46ని ఇష్టపడ్డ బ్యాచ్ ఇప్పుడు నలభైల్లో ఉంది. 2005లో వచ్చిన ఒక వీడియో గేమ్ కవరు మీద వెండి రంగు మీద నీలం చారలున్న ఈ46 ఎం3 జీటీఆర్ గుర్తుందా? విజయవాడ నుంచి వరంగల్ దాకా ప్రతి నెట్ సెంటర్లో దాన్ని నడిపిన కుర్రాళ్లు ఇప్పుడు డాలస్‌లో, ఫ్రీమాంట్‌లో లీడ్ ఇంజినీర్లు. ఆ జీటీఆర్ రేసు కారులో ఉన్నది వీ8, మన ఈ46లో లేని ఇంజిన్. 2001లో అమెరికన్ ల మాన్స్ సిరీస్ జీటీ టైటిల్ కొట్టాక రూల్స్ మార్చారు, బీఎండబ్ల్యూ తప్పుకుంది. ఆటలో నడిపినవాళ్లకి ఆ తేడా పట్టలేదు, ధరకీ పట్టదు.

నీలంబండి_2004

చాలా థాంక్స్. ఇంతవరకు వచ్చింది కాబట్టి ఇంకో సందేహం. మాన్యువల్‌కీ ఎస్ఎంజీకీ (క్లచ్ పెడలు లేకుండా పంపుతో గేర్లు మార్చేది) మధ్య తేడా చాలా కనిపిస్తోంది. ఎస్ఎంజీది చవగ్గా కొని మాన్యువల్‌గా మార్పిస్తే?

ఇన్‌లైన్_సిక్స్

మార్చడం బాగానే కుదురుతుంది, గేర్‌బాక్స్ లోపల అదే ఆరు గేర్ల పెట్టె. హైడ్రాలిక్ పంపు, యాక్చుయేటర్ తీసి క్లచ్ పెడలు, గేరు రాడ్డు పెట్టడం, కొంత కోడింగ్. నడపడానికి అయితే ఇది తెలివైన దారి. అమ్మేటప్పుడు మాత్రం ఫ్యాక్టరీ మాన్యువల్ ధర రాదు, ఎందుకంటే విన్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య) కొడితే ఎస్ఎంజీ అనే వస్తుంది.

మాన్యువల్ అయితేనే ధర అనే సిద్ధాంతానికి ఈ46లోనే ఒక మినహాయింపు ఉంది. 2003 సీఎస్ఎల్. కార్బన్ రూఫు, 360 హార్స్‌పవర్, మొత్తం 1,383 కార్లు. ఎస్ఎంజీ తప్ప ఇంకోటి ఇవ్వలేదు. అయినా ఈ46లన్నిటిలో ఖరీదైనది అదే. బరువు తగ్గించి, సంఖ్య తగ్గించి, రేసు పేరు తగిలిస్తే గేరు పాపం కూడా మాఫీ అవుతుంది.

టొరంటో_టర్బో

సీఎస్ఎల్ అమెరికాలో అమ్మలేదు. అమెరికా చట్టం ప్రకారం తయారై 25 ఏళ్లు నిండితే భద్రతా ప్రమాణాల మినహాయింపు వస్తుంది కాబట్టి 2028 నుంచి మీవాళ్లు తెప్పించుకోవచ్చు. అప్పుడు యూరప్‌లో దాని ధర చూడండి, నేను ముందే చెప్పానని గుర్తుంచుకోండి.

ఇది ఊహ కాదు, నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌లో కళ్లారా చూశాం. దాని ఆర్32 తరం 1989 ఆగస్టులో మొదలైంది, 2014 ఆగస్టులో అమెరికా తలుపు తెరుచుకుంది. జపాన్ వేలాల్లో ఎవరూ పట్టించుకోని కార్లు కంటెయినర్లలో ఎక్కాయి. కెనడాలో ఆ గడువు 15 ఏళ్లే కాబట్టి మేం అంతకు చాలాముందే చవగ్గా తెచ్చుకున్నాం. తర్వాత ఆర్33 వంతు. ఆర్34 తొలి కార్లకి 2024 జనవరి. దాని ధర మాత్రం 2024 దాకా ఆగలేదు, ఏళ్ల ముందే ఎగిరింది. తారీఖు అందరికీ తెలిసినప్పుడు ఆ తారీఖున కొనేవాడికి ఏమీ మిగలదు.

ఆర్32లు 43 వేలకు పైగా, ఆర్33లు 16 వేల పైన, ఆర్34లు 12 వేలలోపు. మూడింటిలో ఒకటే ఆర్‌బీ26 ఇంజిన్, 2.6 లీటర్లు, రెండు టర్బోలు. అన్నిటికీ కాగితం మీద 280 హార్స్‌పవరే, అప్పట్లో జపాన్ కంపెనీల మధ్య ఉన్న ఒప్పందం అది. సంఖ్యే లెక్కయితే ఆర్33 ఆర్32కన్నా చాలా పైన ఉండాలి. లేదు. ఆర్32కి 1991, 92లో ఆస్ట్రేలియా బాథర్స్ట్ రేసు గెలిచిన పేరుంది, ఆర్34కి గేములు, సినిమాలు ఉన్నాయి. ఆర్33 లావుగా ఉందన్నారు, అంతే. జపాన్ నడిపోడు.

నా దగ్గర ఉన్నది ఆర్33. అవును, నవ్వండి.

స్టిక్‌షిఫ్ట్_సత్తెనపల్లి

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. కేంద్ర చట్టం 25 ఏళ్లకి వదిలేసినా మా రాష్ట్రం పొగ విషయంలో వదలదు. 1975, అంతకు ముందువి తప్ప మిగతా వాటికి పరీక్ష నెగ్గాలి. బే ఏరియాలో జీటీ-ఆర్ చవగ్గా కనిపిస్తే నంబర్ ప్లేటు ఏ రాష్ట్రానిదో ముందు చూడండి.

ఇక అసలు విషయం. మీరంతా చరిత్ర చెబుతున్నారు, ఆయన కొనబోయేది చరిత్రని కాదు, ఇరవై ఏళ్లు దాటిన ఒక ఇనుప వస్తువుని. నా ఈ46 వచ్చి చాలాకాలమైంది, కొనేముందు ఏం చూడాలో రాస్తాను.

వెనక సబ్‌ఫ్రేమ్. ఈ46 వెనక సస్పెన్షన్ బిగించే చోట ఫ్లోరు రేకు చిరుగుతుంది. కారుని లిఫ్ట్ మీద పెట్టి ఆ నాలుగు మూలలూ చూడాలి. ప్లేట్లు వెల్డింగ్ చేసి గట్టిపరిచిన బిల్లు ఉంటే అది మైనస్ కాదు, ప్లస్. ఈ ఒక్క మోడల్‌కి 'ఒరిజినల్‌గా వదిలేశాం' అన్న మాట నన్ను భయపెడుతుంది.

ఇంజిన్ లోపలి రాడ్ బేరింగ్‌లు. 2001 నుంచి 2003 మధ్య దాకా తయారైన కార్లకి కంపెనీయే పిలిచి మార్చింది. ఆ పని జరిగిందో లేదో డీలర్ దగ్గర విన్ నంబరుతో తెలుస్తుంది. జరిగినా దానికి ఇప్పుడు ఇరవై ఏళ్లు. మళ్లీ ఎప్పుడు మార్చారని అడగండి. ఆయిలు 10డబ్ల్యూ-60 కాక వేరేది పోసినట్టు బిల్లులో కనిపిస్తే అక్కడే ఆగండి.

వ్యానోస్, అంటే వాల్వుల టైమింగ్ మార్చే భాగం. ఎగ్జాస్ట్ హబ్ ట్యాబ్‌లు విరుగుతాయి, బోల్టులు లూజవుతాయి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించి వినండి. అమ్మేవాడు మీరు వెళ్లేసరికి ఇంజిన్ వేడెక్కించి పెడితే ఇంకో రోజు వస్తానని చెప్పండి.

అమెరికా కార్లలో ఒక సౌకర్యం ఉంది. బోనెట్, ఫెండర్లు, డోర్లు, డిక్కీ, బంపర్ల లోపల విన్ స్టిక్కర్లు ఉంటాయి. ఏదైనా లేదంటే ఆ ముక్క మార్చారు, లేదా రంగు వేశారు. కార్‌ఫ్యాక్స్ (కారు చరిత్ర రిపోర్టు) శుభ్రంగా ఉన్నంత మాత్రాన ఏమీ జరగలేదని కాదు, బీమాకి చెప్పకుండా సొంత డబ్బుతో బాగుచేయించుకున్నది అందులోకి ఎక్కదు. పెయింట్ మందం కొలిచే మీటరు దొరుకుతుంది, తీసుకెళ్లండి.

చివరిగా కాగితాలు. నేను చూసిన ఒక కారు అద్దంలా మెరిసింది, బిల్లులు ఒక్కటీ లేవు. ఇంకోదానికి సీటు పక్క తోలు చిరిగింది, స్టోన్ చిప్స్ నిండా ఉన్నాయి, కానీ మొదటి ఓనరు నుంచి ప్రతి ఆయిల్ మార్పు ఫోల్డర్‌లో ఉంది, కొత్తప్పుడు అద్దానికి అంటించిన ధర స్టిక్కర్‌తో సహా. కొన్నది రెండోది. పాత కారుకి ధర పెరిగే కొద్దీ మెరుపు చౌకవుతుంది, ఫోల్డర్ ఖరీదవుతుంది.

డాలస్_బాబాయ్

ఈ పోస్ట్‌ని పైన పిన్ చేయాలి.

ఒకటే కలుపుతా. మార్చిన పార్టులు ఎన్ని ఉన్నా పర్లేదు, పాత ఒరిజినల్ పార్టులు డబ్బాలో పెట్టి ఇస్తే. చక్రాలు, సైలెన్సర్, స్టీరింగ్, రేడియో. రేడియో కూడా. అవి కొత్తగా కొనాలంటే దొరకవు, దొరికితే ధర విని కూర్చుంటారు.

ఉప్పు చల్లే రాష్ట్రాల బండ్లు కింద నుంచి చూడండి. న్యూజెర్సీ, ఇలినాయ్, ఒహాయో. టెక్సాస్ నుంచి తెప్పించుకుంటే ట్రక్కు బాడుగ కలిపినా మేలే.

హైదరాబాద్_ఆర్ఎస్

అమెరికా అన్నలు ఏమీ అనుకోకపోతే మన దేశం ముచ్చట కూడా. ఎం3లు మాకు అందే సంగతి కాదు కానీ ఇదే ఆట స్కోడా ఆక్టావియా ఆర్ఎస్‌లో నడుస్తోంది.

2004 ప్రాంతంలో మొదటి ఆక్టావియా వీఆర్ఎస్, 1.8 టర్బో, 150 హార్స్‌పవర్, మాన్యువల్. తర్వాత లారా ఆర్ఎస్ అని వచ్చింది, పేరే ఎక్కువ పని తక్కువ, 160. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, మన నడిపోడు అదే. 2017లో ఆర్ఎస్230, రూ.24.62 లక్షలు. 2020లో ఆర్ఎస్245, 200 కార్లు మాత్రమే, రూ.35.99 లక్షలు. అయిపోయాయి. తర్వాత అయిదేళ్లు ఏమీ లేదు. ఆ అయిదేళ్లలో వాడిన 245కి జనం అడిగిన రేట్లు చూస్తే కొత్తది కొంటున్నామా పాతదా అని అనుమానం వచ్చేది. 2025లో మళ్లీ వచ్చింది. 100 కార్లు, 265 హార్స్‌పవర్, ధర రూ.49.99 లక్షలు, పూర్తిగా దిగుమతి.

ఎయిర్‌కూల్డ్ అన్న చెప్పిన 911 ఆర్ కథ ప్రకారం కొత్తది రాగానే పాతవి పడాలి కదా? నాకు కనిపిస్తున్నంతలో అలా లేదు. 49.99 అనే అంకె వచ్చాక పాతవి అమ్మేవాళ్లకు ధైర్యం వచ్చింది.

ఎయిర్‌కూల్డ్

నేను చెప్పినదానికి ఇది ఎదురు కాదు. పోర్షె జీటీ3లో మాన్యువల్ అడిగినవాళ్లలో చాలామందికి దొరికింది. మీకు 100 కార్లు, అదీ సగం కోటికి. తిరిగి దొరికినట్టు కాదు, చూపించి దాచినట్టు. పైగా 230, 245, కొత్తది మూడూ మీకు డీఎస్‌జీనే (ఆటోమేటిక్ గేర్‌బాక్స్) కాబట్టి పాతదానికి గేరు వల్ల ప్రత్యేకంగా వచ్చేది ఏమీ లేదు.

ఏ మార్పూ చేయని స్టాక్ 230 దొరుకుతోందా అసలు?

హైదరాబాద్_ఆర్ఎస్

అదే చెప్పబోతున్నా. స్టేజ్ 1, స్టేజ్ 2 ట్యూనింగ్ వేయనిది చూపిస్తే సన్మానం చేస్తా. ఓఆర్ఆర్ మీద పొద్దున్నే అయిదింటికి వెళ్లండి, ఎందుకో తెలుస్తుంది.

క్లచ్‌ప్లేటు

ఆర్ఎక్స్100 గురించి ఎవరూ మాట్లాడరేం? మా మామయ్య దగ్గర 1990ది ఉంది, లక్ష దాటి అడుగుతున్నారు.

మోడరేటర్

ఆర్ఎక్స్100కి వేరే దారం ఉంది, బోలెడంత పొడవుంది, అక్కడ రాయండి. ఇక్కడ కార్లు.

క్లచ్‌ప్లేటు

సరే సార్. కారు ప్రశ్నే అడుగుతా. అమెరికాలో ఈ46 కొని రిటైరయ్యాక హైదరాబాద్ పంపుకోవచ్చా? మా అన్న అడగమన్నాడు.

హైదరాబాద్_ఆర్ఎస్

మామూలు దారిలో కుదరదు. వాడిన కారు దిగుమతి చేయాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. అమెరికా ఈ46 రెండింట్లోనూ ఫెయిల్. మన దేశంలో వింటేజ్ గుర్తింపుకి 50 ఏళ్లు నిండాలి, 2021 రూల్స్ ప్రకారం దానికి వేరే వీఏ సిరీస్ నంబరు, రోజూ తిప్పడానికి కాదు. 2004 మోడల్‌కి లెక్క వేసుకోమనండి.

నీలంబండి_2004

ఒకటి దొరికింది. 2004, సిల్వర్ గ్రే, ఫ్యాక్టరీ మాన్యువల్, 88 వేల మైళ్లు, ముగ్గురు ఓనర్లు, పెన్సిల్వేనియాలో. అడుగుతున్నది 36,500. బిల్లులు 2013 నుంచి ఉన్నాయి. రాడ్ బేరింగ్‌లు 70 వేల దగ్గర మార్చిన బిల్లు పంపాడు. ఎడమ ఫెండర్‌కి మాత్రం విన్ స్టిక్కర్ లేదు. అడిగితే పార్కింగ్‌లో ఎవరో తగిలించారని, ఫెండర్ మార్చామని చెప్పాడు. సబ్‌ఫ్రేమ్ గురించి అడిగితే 'ఎప్పుడూ ప్రాబ్లమ్ రాలేదు' అన్నాడు.

స్టిక్‌షిఫ్ట్_సత్తెనపల్లి

ఫెండర్ పెద్ద విషయం కాదు, అయితే దాని వెనక ఉన్న స్ట్రట్ టవర్, హెడ్‌లైట్ బ్రాకెట్ వంగి సరిచేసిన గుర్తులున్నాయేమో చూడాలి. ఫెండర్ ఒక్కటే మారితే బేరంలో కాస్త తగ్గించుకునే అవకాశం.

సబ్‌ఫ్రేమ్‌కి ఆ జవాబు జవాబు కాదు. ప్రాబ్లమ్ రాలేదన్నవాళ్లలో చాలామంది కింద చూడనివాళ్లు. కొనేముందు చేసే ఇన్‌స్పెక్షన్ పాత ఎం కార్లు తెలిసిన ఇండిపెండెంట్ షాపులోనే, అమ్మేవాడు చెప్పిన షాపులో కాకుండా చేయించండి. నేను ఒకసారి ఒక షాపులో డబ్బు కట్టి రిపోర్టు తీసుకుంటే టైర్ల లోతు, వైపర్ల స్థితి అన్నీ రాశారు, వెనక సబ్‌ఫ్రేమ్ బిగించే చోట ట్రిమ్ తీసి చూడలేదు. ఏమేం చూడాలో కాగితం మీద రాసి ఇవ్వండి. ఇంజిన్‌కి కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్షలు రెండూ చేయించండి.

లెక్కల_మాస్టారు

కొంటానంటున్నారు కాబట్టి నా వైపు నుంచి పనికొచ్చే మాట ఒకటి. బీమా.

మామూలు పాలసీలో కారు పోతే ఆ రోజు మార్కెట్ విలువ అని వాళ్లు లెక్కగట్టింది ఇస్తారు. ఇరవై ఏళ్ల 3 సిరీస్‌కి వాళ్ల లెక్క ఎంత వస్తుందో ఊహించండి. కలెక్టర్ కార్లకి 'అగ్రీడ్ వాల్యూ' పాలసీలు ఉంటాయి, ముందే ఒప్పుకున్న మొత్తం ఇస్తారు. 'స్టేటెడ్ వాల్యూ' అని ఇంకోటి చూపిస్తారు, అందులో రాసినంతా వస్తుందన్న హామీ లేదు, జాగ్రత్త. అగ్రీడ్ వాల్యూ ఇచ్చేవాళ్లు సాధారణంగా రోజూ ఆఫీసుకి తీసుకెళ్లొద్దంటారు, గ్యారేజీ ఉండాలంటారు, ఇంట్లో రోజువారీకి ఇంకో కారు ఉండాలంటారు. మీ ఎస్‌యూవీ ఇక్కడ అక్కరకొస్తుంది. ఏడాదికోసారి ఆ మొత్తాన్ని సరిచూసుకోండి, 2021-22లో ధరలు ఎగిరినప్పుడు పాత అంకెతో వదిలేసినవాళ్లు ఉన్నారు, తర్వాత మార్కెట్ చల్లబడ్డాక ఎక్కువ అంకెకి ప్రీమియం కట్టినవాళ్లూ ఉన్నారు.

డాలస్_బాబాయ్

చూశారా, మాస్టారు దారికొచ్చారు.

లెక్కల_మాస్టారు

రాలేదు. పోయేవాడికి హెల్మెట్ ఇచ్చాను.

నీలంబండి_2004

అప్‌డేట్. లిఫ్ట్ మీద పెట్టి వెనక ఫ్లోరు ఫొటోలు పంపమని, నా ఖర్చుతో నేను చెప్పిన షాపులో ఇన్‌స్పెక్షన్‌కి ఒప్పుకోమని అడిగాను. ఇంకో ఇద్దరు చూడ్డానికి వస్తున్నారని, కావాలంటే డిపాజిట్ వేయమని జవాబిచ్చాడు. ఫొటోల ఊసు లేదు.

స్టిక్‌షిఫ్ట్_సత్తెనపల్లి

వదిలేయండి. ఆ ఇద్దరిని కొనుక్కోనివ్వండి.

ఇన్‌లైన్_సిక్స్

నాదీ అదే మాట. వర్జీనియాలో నాకు తెలిసినాయన 2005ది అమ్మాలనుకుంటున్నారు, మాన్యువల్, సబ్‌ఫ్రేమ్ ప్లేట్లు వేయించిన ఫొటోలు నేనే చూశాను. మైళ్లు ఎక్కువ, లక్షా పది వేలు. రంగు నలుపు, నీలం కాదు. అడ్రస్ ఇక్కడ పెట్టను, మెసేజ్ చేయండి.